ధూపం, ప్రాణం, ఇంటి గాలి

తెలుగు ఇళ్లలో గాలి శుద్ధికి రెండు కొలతలు పక్కపక్కనే నడుస్తున్నాయి. ఒకటి ఆచారం పెట్టింది. పొద్దున్నే వాకిలి ఊడ్చి కళ్లాపి చల్లి, దేవుడి దగ్గర దీపం పెట్టి, అగరుబత్తి వెలిగించి, శుక్రవారం నాడు గదిగదికీ సాంబ్రాణి పొగ చూపిస్తే ఇల్లు శుద్ధి అయినట్టే లెక్క. రెండోది పరికరం పెట్టింది. ఘనపు మీటరు గాలిలో 2.5 మైక్రాన్ల కన్నా సన్నని కణాలు ఎన్ని మైక్రోగ్రాములున్నాయో అది చూపిస్తుంది. సాంబ్రాణి ఇల్లంతా కమ్ముకున్న వేళ మొదటి లెక్కన ఇల్లు పవిత్రంగా ఉంటుంది, రెండో లెక్కన ఆ గాలి పీల్చదగ్గదిగా ఉండదు. ఇందులో తేలాల్సిన ధర్మసందేహం ఒకటుంది. శుద్ధి కోసం చేసే పని ఇంట్లోవాళ్ల ఊపిరిని మలినం చేస్తే దాన్ని శుద్ధి అనవచ్చా? జవాబు కోసం సంప్రదాయాన్ని దాటి వెళ్లనక్కర్లేదు. ఉపనిషత్తులు, స్మృతులు, తర్కమీమాంసలు, బౌద్ధజైనాలు ఈ విషయంలో చెప్పినవి చాలానే ఉన్నాయి.

వాయువుకు ఇచ్చిన స్థానం

తైత్తిరీయోపనిషత్తు చెప్పిన సృష్టిక్రమంలో ఆత్మ నుంచి ఆకాశం, ఆకాశం నుంచి వాయువు, ఆ తర్వాతే అగ్ని, నీరు, భూమి పుట్టాయి. అదే ఉపనిషత్తు శాంతిమంత్రం వాయువును కళ్లెదుటి బ్రహ్మగా సంబోధించి నమస్కరిస్తుంది. ఛాందోగ్యం 4వ అధ్యాయంలో బండి కింద కూర్చున్న రైక్వుడు జానశ్రుతికి చెప్పిన సంవర్గ విద్య సారం కూడా వాయువే. బయటి ప్రపంచంలో అగ్ని, సూర్యుడు, చంద్రుడు, నీరు చివరికి వాయువులో లయమవుతాయి. దేహంలో వాక్కు, చూపు, వినికిడి, మనసు చివరికి ప్రాణంలో లయమవుతాయి. 5వ అధ్యాయంలో ఇంద్రియాలు తమలో ఎవరు గొప్ప అని వాదులాడుకుంటాయి. వాక్కు, కన్ను, చెవి, మనసు ఒక్కొక్కటీ ఏడాది పాటు దేహాన్ని వదిలి వెళ్లి తిరిగొచ్చినా మనిషి బతికే ఉంటాడు. ప్రాణం లేవబోయే సరికి తక్కిన ఇంద్రియాలన్నీ కదిలిపోయి దాని పెద్దరికాన్ని ఒప్పుకుంటాయి.

ఈ కథల నుంచి ఇంటి గాలికి సంబంధించి రెండు సంగతులు తేలతాయి. మొదటిది, బయటి వాయువుకూ లోపలి ప్రాణానికీ నడుమ గోడ లేదు. గదిలో ఉన్నదే మరుక్షణం ఒంట్లో ఉంటుంది. రెండోది, చూపు కన్నా మాట కన్నా ఊపిరి ముందు. దాన్ని కాపాడడం తక్కిన అన్ని విధులకూ ఆధారం.

మనుస్మృతి 5వ అధ్యాయం మనుషులను శుద్ధి చేసేవాటిని వరుసగా చెబుతూ జ్ఞానం, తపస్సు, అగ్ని, మట్టి, నీరు వంటివాటితో పాటు వాయువును, సూర్యుణ్ణి, కాలాన్ని కూడా లెక్కపెట్టింది. అంటే కిటికీ తెరిచి ఎండను, గాలిని లోపలికి రానివ్వడం ఈ కాలం వాళ్లు కనిపెట్టిన ఆరోగ్య సూత్రం మాత్రమే అనుకోనక్కర్లేదు. స్మృతి లెక్కలో అది శుద్ధికర్మే. శుద్ధి చేయాల్సిన వాయువే మలినమైతే ఆ జాబితాలో ఒక సాధనం పనికిరాకుండా పోయినట్టు. ధ్యానానికి కూర్చునే చోటు విషయంలోనూ ఇదే పట్టింపు కనిపిస్తుంది. గీత 6వ అధ్యాయం శుచియైన చోట ఆసనం వేసుకోమంటుంది. శ్వేతాశ్వతరోపనిషత్తు 2వ అధ్యాయం ఆ చోట గులకరాళ్లు, ఇసుకే కాదు, నిప్పు కూడా ఉండకూడదంటుంది.

నిప్పు వేరు, పొగ వేరు

17వ శతాబ్దానికి చెందిన ఆంధ్ర పండితుడు అన్నంభట్టు రాసిన తర్కసంగ్రహం దేశమంతటా తర్కశాస్త్రానికి మొదటి పాఠ్యపుస్తకం. కొండ మీద పొగ కనిపిస్తే అక్కడ నిప్పు ఉందని ఊహించడం అందులోని ప్రసిద్ధ అనుమానం. దానికి ఇచ్చే దృష్టాంతం వంటిల్లు. వంటింట్లో నిప్పూ పొగా కలిసే ఉంటాయన్నది ఎవరూ కాదనలేని సంగతి కాబట్టే తార్కికులు దాన్ని ఎంచుకున్నారు. నిప్పు లేనిదే పొగ రాదన్న సామెత కూడా ఈ అనుభవం నుంచి వచ్చిందే.

ఆ గ్రంథమే ఇంకో మాటా చెబుతుంది. పొగ ఉన్న చోటల్లా నిప్పు ఉంటుంది గాని, నిప్పు ఉన్న చోటల్లా పొగ ఉండదు. ఎర్రగా కాగిన ఇనుప గుండులో నిప్పు ఉంది, పొగ లేదు. నిప్పుకు పొగ ఎప్పుడు వస్తుందంటే పచ్చి వంటచెరకు తగిలినప్పుడు. ఇలా బయటి నుంచి తోడయ్యే షరతునే తార్కికులు ఉపాధి అంటారు. ఈ చర్చకు ఇది చాలా ముఖ్యమైన మాట. అగ్ని పూజ్యం. పొగ మాత్రం అగ్ని స్వభావం నుంచి వచ్చేది కాదు, దానికి వేసిన ఇంధనం సరిగ్గా కాలకపోవడం వల్ల వచ్చేది. పొగను తగ్గిస్తే అగ్నికి లోటు చేసినట్టు కాదు.

రసాయన శాస్త్రం చెప్పేదీ ఇదే. కట్టె, పిడక, బొగ్గు, జిగురు, నూనె ఏదైనా సరే, తగినంత వేడి, తగినంత ఆక్సిజన్ దొరికితే చాలావరకు కార్బన్ డయాక్సైడ్, నీటి ఆవిరిగా మారుతుంది. దొరకకపోతే సగం కాలిన సరుకంతా గాలిలోకి వస్తుంది. సన్నని మసి కణాలు, కార్బన్ మోనాక్సైడ్, బెంజీన్, ఫార్మాల్డిహైడ్, క్యాన్సర్ కలిగించే పాలీసైక్లిక్ హైడ్రోకార్బన్లు అందులో ఉంటాయి.

అగరుబత్తి ఈ సగం కాలడం మీదే ఆధారపడ్డ వస్తువు. వెదురుపుల్లకు బొగ్గుపొడి, చెక్కపొడి, బంకగా పనిచేసే జిగట్ అనే బెరడు పొడి పట్టించి, ఆరాక సుగంధ తైలంలో ముంచుతారు. ఆ తైలాన్ని పలచన చేయడానికి డైఇథైల్ థాలేట్ వంటి ద్రావకం కలపడం మామూలు. వెలిగించగానే వచ్చిన మంటను వెంటనే ఆర్పేస్తారు, ఎందుకంటే మంట ఉంటే పుల్ల నిమిషాల్లో కాలిపోతుంది, వాసన నిలవదు. ఆ తర్వాత ఎర్రగా రగిలే కొన నుంచి పొగ సన్నని నీలి దారంలా నిటారుగా లేచి, జానెడు పైకి వెళ్లాక మెలికలు తిరిగి చెదురుతుంది. అది నీలంగా కనిపించడానికి కారణం కణాలు అతి సన్నగా ఉండి నీలికాంతిని ఎక్కువగా చెదరగొట్టడం. కంటికి పొగ మాయమైనప్పుడు అది ఎక్కడికీ పోలేదు, గదంతా పరుచుకుంది. దేవుడి పటాల అద్దాన్ని తడిగుడ్డతో తుడిస్తే గుడ్డకు అంటే జిడ్డు మసి, పూజగది పైకప్పున దీపానికి సరిగ్గా మీద ఏర్పడే నల్ల మచ్చ ఆ కణాలే. గోడకు సున్నం వేయవచ్చు, అద్దాన్ని తుడవవచ్చు. ఊపిరితిత్తుల అడుగున చేరినదాన్ని తీయడానికి అలాంటి ఉపాయం లేదు.

కొలిచి చూసినవాళ్లు చెప్పిన అంకెలు గట్టివే. ఒక గ్రాము అగరుబత్తి కాలితే సుమారు 45 మిల్లీగ్రాముల కణాలు వెలువడతాయి. ఒక గ్రాము సిగరెట్టు కాలితే వచ్చేది సుమారు 10 మిల్లీగ్రాములు. సింగపూర్‌లో 61 వేలకు పైగా చైనా సంతతి వారిని ఏళ్ల తరబడి గమనించి 2008లో ప్రచురించిన అధ్యయనం, దీర్ఘకాలం అగరుబత్తుల పొగ పీల్చినవారిలో ముక్కు, నోరు, గొంతు భాగాల్లోని కొన్ని క్యాన్సర్లు, ఊపిరితిత్తుల క్యాన్సర్లలో స్క్వామస్ సెల్ రకం ఎక్కువగా ఉన్నట్టు చూపించింది. దోమల కాయిల్ ఇంకా ఘాటైనది. ఒక కాయిల్ పూర్తిగా కాలితే 75 నుంచి 137 సిగరెట్లు కాలినంత సన్నని ధూళి వస్తుందని 2003లో వెలువడిన పరిశోధన తేల్చింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం ఈ సన్నని కణాలు 24 గంటల సగటున ఘనపు మీటరుకు 15 మైక్రోగ్రాములు దాటకూడదు. బయటి గాలికి భారత ప్రమాణం 60. తలుపు మూసిన చిన్న పూజగదిలో నాలుగు బత్తులు ఒకేసారి రగిలితే ఆ కాసేపట్లో ఈ రెండు హద్దులూ దాటిపోతాయి.

దృష్టం, అదృష్టం

ధూపం గాలిని శుద్ధి చేస్తుందన్న మాటలో రెండు వేర్వేరు వాదాలు కలిసిపోయి ఉన్నాయి. మీమాంసకులు వాటిని విడదీయడానికి చక్కటి పద్ధతి ఇచ్చారు. కంటికి కనిపించే ఫలితం దృష్టం, కనిపించనిది అదృష్టం. ధాన్యం దంచితే పొట్టు ఊడడం దృష్టఫలం, యాగం వల్ల స్వర్గం అదృష్టఫలం. దేవుడికి ధూపం సమర్పిస్తే ఆయన ప్రీతి చెందుతాడన్నది అదృష్ట విషయం. దాన్ని ఏ పరికరమూ కొలవలేదు, కాదనలేదు కూడా. ధూపం వల్ల గదిలో గాలి బాగుపడుతుందన్నది దృష్ట విషయం. ఆ మాట అన్న మరుక్షణం అది ప్రత్యక్షానికీ అనుమానానికీ లోబడుతుంది.

ఈ హద్దు విషయంలో శంకరులు ఖండితంగా మాట్లాడారు. గీత 18వ అధ్యాయం 66వ శ్లోకానికి రాసిన భాష్యంలో, ప్రత్యక్షానికి అందే సంగతుల్లో శ్రుతి ప్రమాణం కాదంటూ నిప్పునే ఉదాహరణగా తీసుకున్నారు. నిప్పు చల్లగా ఉంటుందని ఎన్ని శ్రుతివాక్యాలు చెప్పినా అవి ప్రమాణం కాలేవని ఆయన నిర్ణయం. వేదానికే ఆ నియమం వర్తించినప్పుడు ఆనవాయితీకి, అమ్మకపు ప్రకటనకు వర్తించకుండా పోదు.

హోమధూమం మీద జరిగిన పరిశోధనలను కూడా ఈ దృష్టితోనే చదవాలి. 2007లో భారతీయ శాస్త్రవేత్తలు ప్రచురించిన ఒక అధ్యయనంలో, మూసిన గదిలో హవన సామగ్రిని గంటసేపు కాలిస్తే గాలిలోని బ్యాక్టీరియా 94 శాతం తగ్గింది. యజ్ఞం గాలిని శుద్ధి చేస్తుందనేవారు దీన్ని తరచు చూపిస్తారు. ఫలితం నిజమే, విలువైనదే. అయితే అది చెప్పింది బ్యాక్టీరియా గురించి. అదే పొగలో కణాలు, కార్బన్ మోనాక్సైడ్ ఎంత పెరిగాయన్నది వేరే ప్రశ్న, దానికి ఆ ఫలితం జవాబు కాదు. సూక్ష్మజీవులను చంపే గాలి మనిషి పీల్చదగ్గ గాలి అని అనుకోనక్కర్లేదు. పైగా శ్రౌతయాగాలకు ప్రత్యేకంగా యాగశాల కట్టేవారు, పొగ పైకి పోయే వీలు ఉండేది. కిటికీలు బిగించి ఏసీ నడిచే అపార్ట్‌మెంటు హాలులో, కొత్త రంగుల వాసన ఇంకా పోకముందే, ఇటుకలు పేర్చి చేసే గృహప్రవేశ హోమానికి ఆ వీలు లేదు. పీటల మీద కూర్చున్న దంపతుల కళ్ల నుంచి ధారగా నీళ్లు కారుతుంటే అది శరీరం ఇస్తున్న ప్రత్యక్ష ప్రమాణం.

మన పెద్దలు ఈ పొగలోనే బతికారు కదా అన్న ఆక్షేపణకు రెండు సమాధానాలున్నాయి. మండువా లోగిళ్లలో నడుమ ఆకాశం కనిపించేది, పెంకుటింటి కప్పు సందుల్లోంచి పొగ జారిపోయేది. ఇప్పటి స్లాబు ఇంట్లో అది తిరిగి గదిలోకే దిగుతుంది. ఇక రెండోది, ఆనాటివాళ్లందరూ పొగ వల్ల బాధపడకుండా బతికారనడం నిజం కాదు. పొయ్యి ముందు కూర్చుని ఊదుగొట్టంతో ఊది ఊది, నలభై దాటకముందే దగ్గు పట్టుకున్న ఇల్లాళ్లు ప్రతి పల్లెలో ఉండేవారు. వాళ్ల దగ్గుకు ఎవరూ లెక్క రాయలేదు.

పొయ్యి దగ్గర జరిగే హింస

ఈ ఇల్లాళ్ల ప్రస్తావన నేరుగా ధర్మశాస్త్రంలోకి తీసుకెళ్తుంది. మనుస్మృతి 3వ అధ్యాయం గృహస్థుకు తెలియకుండానే హింస జరిగే చోట్లు అయిదని చెప్పింది. అవి పొయ్యి, సన్నికల్లు, చీపురు, రోలు, నీళ్లకుండ. వీటికి పంచసూనలని పేరు. ఈ దోషానికి పరిహారంగానే రోజూ చేయాల్సిన పంచమహాయజ్ఞాలు విధించింది. వేదాధ్యయనం, పితృతర్పణం, దేవతలకు ఆహుతి, భూతాలకు బలి, అతిథికి భోజనం ఆ అయిదు. బతకడానికి చేసే మామూలు ఇంటిపనిలో కూడా ఇతర ప్రాణులకు కీడు జరుగుతుందని, ఆ కీడుకు ఇంటి యజమాని బాధ్యుడని ఒప్పుకోవడం ఈ విధిలోని గొప్పతనం. అయిదింటిలో మొదటిది పొయ్యే. స్మృతికారుడి దృష్టిలో ఉన్నవి పొయ్యిలో పడి చచ్చే పురుగులు. పొయ్యి పొగ మనుషులనే చంపుతుందని తెలిసిన కాలంలో ఆ సూత్రం ఇంకా బలంగా వర్తిస్తుంది. ఇంటి లోపలి పొగ వల్ల 2020లో ప్రపంచవ్యాప్తంగా 32 లక్షల మంది చనిపోయారని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే నాటికి దేశంలో గ్యాసు వంటి శుభ్రమైన ఇంధనంతో వండుకునే ఇళ్లు 58.6 శాతమే. మిగతా ఇళ్లలో అప్పటికీ ఎక్కువగా కట్టెలు, పిడకలే కాలుతుండేవి. 1999లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మొదలైన దీపం పథకం, 2016లో కేంద్రం తెచ్చిన ఉజ్జ్వల పథకం పేదింటి స్త్రీల పేరిట గ్యాసు కనెక్షన్లు ఇచ్చాయి. పొయ్యి దగ్గరి హింసను తగ్గించిన పనులుగా వీటిని ధర్మదృష్టితోనూ చూడవచ్చు.

అహింసను గాలి దాకా తీసుకెళ్లింది జైనం. ఆచారాంగ సూత్రం మొదటి అధ్యాయం భూమి, నీరు, అగ్ని, వాయువు, వృక్షాలు, కదిలే ప్రాణులు అని ఆరు విధాల జీవులను చెప్పి, వాటిని బాధించవద్దని బోధిస్తుంది. స్థానకవాసి, తేరాపంథీ మునులు నోటికి అడ్డంగా గుడ్డ కట్టుకోవడం వెనుక ఉన్నది గాలిలోని జీవులకు కూడా తమ శ్వాస కీడు చేయకూడదన్న జాగ్రత్త. ఇంత కఠిన నియమం గృహస్థులందరికీ సాధ్యం కాదు. ఊపిరి కూడా నైతిక విషయమేనన్న గ్రహింపు మాత్రం అందరికీ అవసరం.

పొగ విషయంలో ఆ నైతికత ఎక్కడుందంటే, వెలిగించేవారూ పీల్చేవారూ ఒకరే కాకపోవడంలో. పుణ్యం కోరి బత్తి వెలిగించేది ఒకరు, పక్కగదిలో ఆయాసంతో పడుకున్న పెద్దాయన ఇంకొకరు. దోమలు కుట్టకుండా కాయిల్ పెట్టేది తండ్రి, దాని పక్కన రాత్రంతా ఊపిరి తీసేది బిడ్డ. అన్నిటికన్నా ఆలోచించాల్సింది బాలింత గది. పసిబిడ్డకు నలుగుపెట్టి స్నానం చేయించాక, మూకుడులో నిప్పుల మీద సాంబ్రాణి చల్లి, ఆ పొగ మీద బిడ్డను అటూఇటూ ఊపి తల ఆరబెట్టడం తెలుగునాట ఇప్పటికీ ఉంది. చేసే అమ్మమ్మ చేతుల్లో ఉన్నది పూర్తిగా ప్రేమే. ఆ క్షణంలో బిడ్డ నిమిషానికి 40 సార్లకు పైగా ఊపిరి తీస్తుంటుంది, పెద్దవాళ్లు తీసేది 12 నుంచి 20 సార్లు. అదే పొగ ఆ చిన్న ఊపిరితిత్తులకు చేసే కీడు చాలా ఎక్కువ. తలుపులు మూసిన గదిలో నిప్పుల కుంపటి ఉంటే వాసన లేని కార్బన్ మోనాక్సైడ్ తల్లీబిడ్డల ప్రాణానికే ముప్పు. తల ఆరడానికి మెత్తని పొడిగుడ్డ చాలు. ఆ ఆచారం వెనుక ఉన్న వాత్సల్యానికి పొగ అవసరం లేదు.

గీత 18వ అధ్యాయం ప్రతి పనికీ ఏదో ఒక దోషం తప్పదని చెప్పడానికి నిప్పునూ పొగనూ పోలికగా తెస్తుంది. దోషం ఉందని స్వకర్మను వదలవద్దన్నది అక్కడి ఉపదేశం. దీన్ని పొగకు సమర్థనగా చదవడం సరికాదు. తప్పించలేని దోషాన్ని భరించమనడం వేరు, తప్పించగలిగిన దోషాన్ని పెంచుకోవడం వేరు.

ఉపచారంలో ధూపం స్థానం

గంధం, పుష్పం, ధూపం, దీపం, నైవేద్యం పంచోపచారాలు. షోడశోపచారాల్లోనూ ధూపం ఉంది. మానసికంగా చేసే పంచపూజలో ఈ అయిదింటినీ పంచభూతాలకు ముడిపెడతారు. గంధం భూమికి, పుష్పం ఆకాశానికి, దీపం అగ్నికి, అమృతరూపమైన నైవేద్యం నీటికి చెందుతాయి. ధూపం చెందేది వాయువుకు. వాయుతత్త్వంగా సమర్పించే వస్తువు వాయువునే పాడుచేయడం ఆ సమర్పణ ఉద్దేశానికే విరుద్ధం. పూజావిధిలో ధూపాన్ని సమర్పించేది వాసన చూడడానికి. పరిమళం సాధ్యం, పొగ దానికి వాహనం మాత్రమే.

సాధనం దొరకనప్పుడు ప్రత్యామ్నాయం చూపడం పూజావిధికి కొత్త కాదు. వ్రతకల్పాల్లో వస్త్రానికి, ఆభరణానికి బదులు అక్షతలు సమర్పించడం అందరికీ అలవాటే. బట్టలకూ నగలకూ చెల్లిన నియమం ఇంట్లో ఉబ్బసం ఉన్నవారు ఉన్నప్పుడు ధూపానికి చెల్లకపోవడానికి కారణం కనిపించదు. గీత 9వ అధ్యాయం భక్తితో ఇస్తే చాలునన్న వస్తువులు ఆకు, పువ్వు, పండు, నీరు. ఆ నాలుగింటిలో కాల్చాల్సింది ఒక్కటీ లేదు. శంకరుల పేరిట ప్రచారంలో ఉన్న శివమానసపూజలో ఉపచారాలన్నీ మనసుతోనే జరుగుతాయి. చిత్తశుద్ధి లేని పూజను నిలదీసిన వేమన దేశంలో, చిత్తశుద్ధితో చేసే పూజకు పొగ తగ్గితే లోటు వస్తుందని భయపడాల్సిన పని లేదు.

ఇంటి గాలి గురించి అతి సూటిగా నియమాలు పెట్టింది బౌద్ధ వినయపిటకం. చుల్లవగ్గలో భిక్షువుల వేడినీటి స్నానశాలలో పొగ నిండిపోతోందని తెలిసినప్పుడు బుద్ధుడు పొగగొట్టానికి అనుమతి ఇచ్చాడు. నిప్పును చిన్న గదిలో ఒక పక్కన, పెద్ద గదిలో నడుమ పెట్టమన్నాడు. విహారాలకు కిటికీలు లేక చీకటిగా, దుర్వాసనతో ఉన్నాయన్నప్పుడు మూడు రకాల కిటికీలను అనుమతించాడు. శ్వాస మీద ధ్యాస నిలిపే సాధనను బోధించిన గురువు, ఆ శ్వాస ఏ గదిలో ఆడుతుందో కూడా పట్టించుకున్నాడు.

పక్కవారి ముక్కును గౌరవించడం ఇతర మతాల్లోనూ ఉంది. పచ్చి ఉల్లి, వెల్లుల్లి తిన్నవారు ఆ వాసనతో మసీదుకు రావద్దని ప్రవక్త చెప్పినట్టు హదీసులున్నాయి. దర్గాల్లో ఊదు, లోబాన్ పొగ ఉన్నా నమాజుకు అది షరతు కాదు. క్యాథలిక్ చర్చి ధూపాన్ని విశేష ఆరాధనల్లో వాడుతుంది, తెలుగునాట ఉన్న ప్రొటెస్టెంటు సంఘాల్లో సాధారణంగా అది ఉండదు. పొగ ఆరాధనకు అలంకారమే గాని ప్రాణం కాదని ఈ ఆచారాలన్నీ చూపిస్తాయి.

ఇంట్లో చేయదగ్గవి

గాలిని బాగుచేసే పనుల్లో ఒక క్రమం ఉంది. పుట్టుకలోనే మాలిన్యాన్ని తగ్గించడం మొదటిది, పుట్టినదాన్ని బయటికి పంపడం రెండోది, మిగిలినదాన్ని వడపోయడం మూడోది. ఈ క్రమాన్ని తారుమారు చేస్తే ఖర్చే తప్ప ఫలితం ఉండదు.

పూజ విషయంలో మొదటి మెట్టు రోజూ వెలిగించే బత్తుల సంఖ్య తగ్గించడం. దేవుడి పూలతో చేసినవైనా, మూలికలతో చేసినవైనా రగిలేది ఏదైనా పొగే ఇస్తుంది. తిరుమల తిరుపతి దేవస్థానం 2021 నుంచి తన ఆలయాల్లో వాడిన పూలతో అగరుబత్తులు చేయిస్తోంది. నిర్మాల్యాన్ని వృథా చేయని మంచి పని అది. ఆ బత్తులనైనా కిటికీ తెరిచో, ఆరుబయట తులసికోట దగ్గరో వెలిగించడం మేలు. పరిమళానికి మల్లె, మరువం, దవనం, గంధం, తీర్థంలో వేసే పచ్చకర్పూరం ఉండనే ఉన్నాయి. దీపానికి వత్తి పొట్టిగా, కదలని మంటతో ఉంటే మసి తక్కువ. వత్తి పొడవైతే, గాలికి ఊగితే మసి ఎక్కువ. కర్పూర హారతికి చిన్న బిళ్ల చాలు. హోమం తప్పనిసరైతే మేడ మీదో, పెరట్లోనో, బాగా ఎండిన సమిధలతో, కొద్ది పాటి ఆజ్యంతో చేయవచ్చు. పచ్చి వంటచెరకే పొగకు కారణమన్న తార్కికుల మాట ఇక్కడ అక్షరాలా పనికొస్తుంది.

వంటింట్లో గ్యాసు వచ్చినంత మాత్రాన గాలి పూర్తిగా బాగుపడదు. గ్యాసు మంట నైట్రోజన్ డయాక్సైడ్ ఇస్తుంది, నూనె కాగినప్పుడు సన్నని కణాలు లేస్తాయి. పోపులో ఎండుమిర్చి మాడితే ఇల్లంతా దగ్గడం అందరికీ తెలిసిందే. పొయ్యి వెలిగించే ముందే ఎగ్జాస్ట్ ఫ్యాన్ వేసి, వంట అయ్యాక కూడా కొన్ని నిమిషాలు తిరగనివ్వాలి. చిమ్నీ కొనేవారు పొగను గొట్టం ద్వారా బయటికి పంపేదాన్ని ఎంచుకోవాలి. వడపోసి మళ్లీ గదిలోకే వదిలేవి వాయువులను ఆపలేవు. గ్యాసు గీజరును గాలి ఆడని స్నానాలగదిలో పెట్టడం ప్రాణాపాయం.

పంచసూనల్లోని చీపురు కూడా గాలికి సంబంధించిందే. పొడి చీపురుతో ఊడిస్తే కింది దుమ్ము పైకి లేస్తుంది, తడిగుడ్డతో తుడిస్తే కట్టుబడుతుంది. వానాకాలంలో గోడలకు నెమ్మెక్కి బూజు పడితే, రంగు వేసి కప్పకుండా నీరు ఎక్కడ ఊరుతోందో చూసి ఆపాలి. కొత్త ఇంటి రంగులు, ప్లైవుడ్ కప్‌బోర్డులు ఫార్మాల్డిహైడ్ వంటి ఆవిర్లను వారాల పాటు వదులుతాయి. ముహూర్తానికీ కాపురానికీ నడుమ కిటికీలు తెరిచి ఉంచే వ్యవధి ఇవ్వడం మంచిది. దోమలకు కాయిల్ కన్నా దోమతెర, కిటికీ జాలీ మేలు.

స్ప్లిట్ ఏసీ గదిలోని గాలినే చల్లబరిచి తిప్పుతుంది, బయటి గాలిని తేదు. అందుకే ఏసీ గదికి కూడా రోజులో కొంతసేపు కిటికీ తెరవడం అవసరం. ఎదురెదురు కిటికీలు తెరిస్తే గాలి త్వరగా మారుతుంది. హెపా ఫిల్టరు ఉన్న ఎయిర్ ప్యూరిఫయర్ 0.3 మైక్రాన్ల కణాలను 99.97 శాతం పట్టగలదు గాని, వాయువులను పట్టడానికి వేరే బొగ్గు ఫిల్టరు కావాలి. ఓజోన్ విడుదల చేసే యంత్రాలు ఊపిరితిత్తులకే చేటు. ఇంట్లో మొక్కలు గాలిని శుద్ధి చేస్తాయన్న నమ్మకం 1989లో నాసా మూసిన పెట్టెల్లో చేసిన ప్రయోగాల నుంచి వచ్చింది. కిటికీ చేసే పని మొక్కలతో చేయించాలంటే చదరపు మీటరుకు 10 నుంచి 1000 మొక్కలు కావాలని 2019లో వచ్చిన సమీక్ష లెక్కకట్టింది. తులసికి చేసే నమస్కారానికి ఈ లెక్కతో పని లేదు. తులసి పూజ్యం కావడానికి అది యంత్రంలా పనిచేయాల్సిన అవసరమూ లేదు.

ఇంటి హద్దు దాటిన గాలి

తన ఇంటి గాలిని బాగుచేసుకున్నవారికి ఒక చిక్కు ఎదురవుతుంది. కిటికీ తెరవాలంటే బయటి గాలి బాగుండాలి. భోగి తెల్లవారుజామున వీధిలో టైర్లు, ప్లాస్టిక్ కాలుతుంటే, దీపావళి రాత్రి మందుగుండు పొగ కమ్ముకుంటే, రద్దీ రోడ్డు పక్కన ఇల్లుంటే, తెరిచిన కిటికీ మేలు కన్నా కీడే చేస్తుంది. అలాంటి వేళల్లో మూసి, గాలి తేటపడ్డాక తెరవడమే చేయగలిగింది. వేర్వేరు ఇళ్లకు వేర్వేరు గాలి లేదు గనుక గృహధర్మం ఇక్కడ సమాజధర్మంగా మారుతుంది. భోగిమంటలో ఎండిన కట్టెలు, పిడకలు తప్ప వేరేవి వేయకపోవడం, చెత్తను తగలబెట్టకపోవడం, పక్కింటి కిటికీ వైపు పొగ పోనివ్వకపోవడం పంచమహాయజ్ఞాల్లోని భూతయజ్ఞానికీ అతిథి ధర్మానికీ ఈ కాలపు రూపాలు. గాంధీజీ 1942లో ఆగాఖాన్ ప్యాలెస్ నిర్బంధంలో ఆరోగ్యం మీద రాసిన పుస్తకంలో నీటికీ తిండికీ ముందు గాలి గురించి రాశారు. ఆ వరుస ఛాందోగ్యం ప్రాణానికి ఇచ్చిన వరుసే.

ఈ విచారణలో తేలేది ఇది. ధూపదీపాల అదృష్టఫలం భక్తుడి నమ్మకానికి చెందింది, దాన్ని ఎవరూ తీసేయనక్కర్లేదు. వాటి దృష్టఫలం ఇంట్లో అందరి ఊపిరికి చెందింది, దాన్ని ఒక్కరి నమ్మకంతో నిర్ణయించే వీలు లేదు. దీపం ఉంచి పొగ తగ్గించే దారి ఉన్నప్పుడు రెండూ నిలుస్తాయి. ఏదో ఒకటే ఎంచుకోవాల్సి వస్తే ఊపిరినే ముందు నిలపాలి. ప్రాణాన్ని బ్రహ్మగా చెప్పిన సంప్రదాయం ఇంటి యజమాని నుంచి కోరేది ఆ ఎంపికే.